14 అంగుళాల డిస్కులు తీసేసి 17 అంగుళాల అల్లాయ్‌లు వేయించమంటున్నారు, వేయించనా?

కొండవీటి కారు (గుంటూరు) | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారమండీ. నాది 2021 స్విఫ్ట్, అన్నిటికంటే కింది మోడల్. ఇనుప డిస్కులు (టైరు ఎక్కే చక్రాలు), వాటి మీద ప్లాస్టిక్ వీల్ క్యాపులు. టైర్లు 165/80 ఆర్14. 46 వేల కిలోమీటర్లు తిరిగాయి, ముందు రెండూ గుండు అయిపోయాయి. ఎలాగూ నాలుగూ మార్చాలి కదా, ఇదే చేత్తో అల్లాయ్ వీల్స్ కూడా వేయించేద్దామని ఇక్కడ ఒక షాపుకి వెళ్లాను.

ఆయన 17 అంగుళాల సెట్ చూపించాడు. 7జె అంట, దాని మీద 205/50 టైర్లు. పాత డిస్కులు, టైర్లు ఆయనే తీసుకుని బిల్లులో తగ్గిస్తాడట. ఒక చక్రం కారు పక్కన ఆనించి చూపిస్తే, నిజం చెప్పాలంటే, కళ్లు తిప్పుకోలేకపోయాను.

కానీ బండిలో ఎక్కువగా తిరిగేది మా నాన్నగారు. ఆయనకి నడుం నొప్పి. రెండు నెలలకోసారి శ్రీశైలం వెళ్లొస్తాం. ఘాట్ రోడ్డు, మధ్యలో గుంతలు. ఇప్పుడు అడ్వాన్స్ ఇవ్వాలా వద్దా అన్నదే ప్రశ్న. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ అన్న (విజయవాడ) | శుక్రవారం రాత్రి 9:40

తమ్ముడూ, అడ్వాన్స్ ఇవ్వమాక. 22 ఏళ్లుగా టైర్ల పనిలో ఉన్నా, ముందు రెండు మాటలు చెప్తా.

ఒకటి, పాత డిస్కులు ఎవరికీ ఇవ్వొద్దు. కంపెనీ నుంచి వచ్చిన డిస్కుకి మించిన బీమా లేదు. రేపు అల్లాయ్ పగిలితే నిన్ను ఇంటికి చేర్చేది అదే. ఇంట్లో అటక మీద పడేయ్, తిండి అడగదు.

రెండు, రేపు పొద్దున ఒక చక్రం ఊడదీసి డిస్కు లోపలి వైపు మట్టి తుడువు. అక్షరాలు పోతపోసో, గుద్దో ఉంటాయి. అవన్నీ ఇక్కడ రాయి. టైరు పక్కగోడ మీదున్నవి కూడా. అవి చూడకుండా ఏ షాపువాడు ఏం చెప్పినా నమ్మాల్సిన పని లేదు.

లెక్కల మాస్టారు (రాజమహేంద్రవరం) | శుక్రవారం రాత్రి 10:25

ఈలోగా టైరు లెక్క నేను చేసి పెడతాను.

165/80 ఆర్14 అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మి.మీ. ఆర్ అంటే రేడియల్. 14 అనేది డిస్కు వ్యాసం, అంగుళాల్లో. కాబట్టి మొత్తం చక్రం ఎత్తు: పైన 132, కింద 132, మధ్యలో 14 × 25.4 = 355.6. కలిపితే 619.6 మి.మీ.

షాపాయన చెప్పిన 205/50 ఆర్17: పక్కగోడ 102.5. రెండు పక్కలా 205. డిస్కు 431.8. మొత్తం 636.8 మి.మీ.

17 మి.మీ. పెరిగింది, 2.8 శాతం. మీటరు 100 చూపించేటప్పుడు బండి ఇదివరకటి కంటే దాదాపు 3 కిలోమీటర్ల వేగం ఎక్కువలో ఉంటుంది. చక్రం పెద్దదైతే గేర్లు కూడా ఆ మేరకు బరువెక్కుతాయి, ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మీరు శ్రీశైలం అన్నారు కాబట్టి చెప్తున్నాను.

అదే మీ స్విఫ్ట్‌లోనే పై మోడళ్లకి ఇచ్చే 185/65 ఆర్15 చూడండి: 120.25 రెండుసార్లు 240.5, డిస్కు 381, మొత్తం 621.5. పాతదానికీ దీనికీ తేడా 2 మి.మీ. కూడా లేదు. కంపెనీ ఇంజనీర్లు లెక్క చూసుకునే ఈ జత ఎంచుకున్నారు.

మీ నాన్నగారి నడుముకి సంబంధించిన అంకె పక్కగోడ ఎత్తు. 132 నుంచి 120కి వస్తే కాస్త తెలుస్తుంది. 102కి వస్తే ప్రతి గుంతా తెలుస్తుంది. గుంత దెబ్బని మొదట మింగేది టైరులో గాలి, ఆ తర్వాతే స్ప్రింగులు.

కొండవీటి కారు (గుంటూరు) | శనివారం ఉదయం 8:05

మాస్టారూ, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు కృతజ్ఞతలు. అన్నా, నువ్వు చెప్పినట్టే చక్రం ఊడదీశాను. డిస్కు మీద 14 × 5జె అని ఉంది. టైరు మీద సైజు తర్వాత 85టీ అని ఉంది. షాపులో ఫొటో తీసుకున్న 17 అల్లాయ్ లోపల 17 × 7జె, ఈటీ 35, 4 × 100, సీబీ 73.1 అని ఉంది. వీటిలో 17 తప్ప నాకు ఇంకేదీ అర్థం కాలేదు.

లెక్కల మాస్టారు (రాజమహేంద్రవరం) | శనివారం ఉదయం 9:30

85టీ ముందు చూద్దాం. 85 అనేది ఆ టైరు మోయగల బరువు సూచిక, 515 కిలోలు. టీ అంటే గంటకి 190 కిలోమీటర్ల వేగం వరకు. 185/65 ఆర్15లో మామూలుగా దొరికే 88హెచ్ అంటే 560 కిలోలు, 210 కిలోమీటర్లు. కొత్త టైరు ఏదైనా ఈ రెండూ పాతవాటికంటే తగ్గకూడదు. ఇందులో ఒక మోసం ఉంది: టైరు వెడల్పుగా కనిపించినంత మాత్రాన ఎక్కువ బరువు మోయదు. 205/40 ఆర్17కి 84 వస్తుంది, అంటే 500 కిలోలు. మీ సన్నటి 165 కంటే తక్కువ! లోపల గాలి పట్టే చోటు తగ్గింది కదా.

5జె, 7జె అంటే డిస్కు వెడల్పు అంగుళాల్లో. జె అనేది టైరు అంచు కూర్చునే గట్టు ఆకారానికి పెట్టిన గుర్తు.

4 × 100 అంటే నాలుగు బోల్టులు, అవి కూర్చున్న వలయం వ్యాసం 100 మి.మీ. దీన్నే పీసీడీ అంటారు. సీబీ నడిమి బెజ్జం. మీ స్విఫ్ట్ హబ్ (చక్రం బిగించే కారు వైపు భాగం) నడిమి గుబ్బ 54.1 మి.మీ., ఆ అల్లాయ్ బెజ్జం 73.1.

ఈటీ కొంచెం తిరకాసు. జర్మన్ మాట నుంచి వచ్చిన పొట్టి పేరు. చక్రాన్ని దాని వెడల్పుకి సరిగ్గా మధ్యలో, రెండు పళ్లేల్లా విడిపోయేలా కోశారనుకోండి. ఆ మధ్యగీత నుంచి హబ్బుకి ఆనే ముఖం ఎన్ని మి.మీ. బయటివైపు ఉందో అది ఈటీ. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి పొడుచుకొస్తుంది. ఉదాహరణకి 6జె ఈటీ 45 తీసి 7జె ఈటీ 35 వేస్తే: వెడల్పు వల్ల ఒక్కో వైపు 12.7 పెరుగుతుంది, ఈటీ వల్ల ఇంకో 10 బయటికి జరుగుతుంది. బయటి అంచు 22.7 మి.మీ. బయటికి వచ్చేసింది. మడ్‌గార్డుకి రాసుకోవడం అక్కడే మొదలవుతుంది. రాసుకోకపోయినా వీల్ బేరింగు మీద పడే మెలి పెరుగుతుంది, స్టీరింగు పట్టు మారుతుంది. మీ పాతది 5జె మాత్రమే, తేడా ఇంకా ఎక్కువ.

ఆటోనగర్ అన్న (విజయవాడ) | శనివారం మధ్యాహ్నం 1:15

మాస్టారు లెక్క చెప్పారు, నేను షాపులో చూసింది చెప్తా.

పీసీడీలో 100కీ 98కీ కంటికి తేడా కనపడదు. ఫియట్ లీనియా లాంటి కార్లకి 4 × 98. ఒక కుర్రాడు ఎవరి దగ్గరో పాత సెట్ చవగ్గా కొని 4 × 100 బండికి ఎక్కించుకొచ్చాడు. నట్లు బిగిశాయి, బండి నడిచింది. కానీ నట్టు కోను చక్రం బెజ్జంలో వంకరగా కూర్చుంది. పదిహేను రోజులకి స్టీరింగు ఊగుతోందని నా దగ్గరికి వచ్చాడు. జాకీ వేసి చూస్తే నాలుగులో రెండు నట్లు చేత్తో తిరిగాయి, స్టడ్లు, అంటే నట్లు ఎక్కే మర కడ్డీలు, అరిగి మెరుస్తున్నాయి. ఆరోజు వాడు హైవే ఎక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది.

సీబీ సంగతి. బయట అమ్మే అల్లాయ్‌లకి బెజ్జం పెద్దగా పెడతారు, అన్ని కార్లకీ పట్టాలని. 73.1కీ మీ 54.1కీ మధ్య ఖాళీలో హబ్ రింగు వేయాలి. అది వేయకపోతే చక్రం నడిమికి రాకుండా వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటది. చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందో లేదో చూసే బ్యాలెన్సింగ్ మిషన్ మీద సున్నా చూపిస్తది, రోడ్డు మీద 80 దాటగానే వణుకు. మనోళ్లు మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించి, మూడుసార్లు డబ్బులిచ్చి, చివరికి సస్పెన్షన్ మీద పడతారు. 'హబ్ రింగు ఉందా' అని అడగండి. 'అక్కర్లేదు' అన్నాడంటే వేరే షాపు చూసుకోండి.

ఓరుగల్లు డ్రైవర్ (హనుమకొండ) | శనివారం రాత్రి 10:50

అన్నా, నేను క్యాబ్ నడుపుత. హైదరాబాద్-వరంగల్ రోజూ తిరుగుడే. నా కథ జెర ఇను.

నాది డిజైర్. దానికి గూడ 165/80 ఆర్14 ఉండె. అందంగ ఉంటదని 16 అల్లాయ్‌లు, 195/50 టైర్లు ఏపిచ్చిన. రెండు నెలలు మస్తుగనే ఉండె. వానకాలం వచ్చింది. జనగామ దాటినంక ఒక గుంత, నిండ నీళ్లు, లోతు ఎంతనో తెల్వలే. ధన్ అని ఒక్కటే దెబ్బ. పంక్చర్ గాలే, టైరుకు ఏం గాలే. మంచిదే అనుకున్న. గని పొద్దుగాల చూస్తే గాలి 20కి దిగింది. నింపిన, మల్ల దిగింది. పంక్చర్ షాపుల నీళ్ల తొట్టిల ముంచితే టైరు మీద ఒక్క బుడగ రాలే. డిస్కు లోపలి అంచుకాడ సన్నగ బుడగలు. వెంట్రుకంత పగులు.

అతికిస్త అన్నరు ఒకరు. వెల్డింగ్ పెట్టిచ్చిన. ఇరవై రోజులకు అదే పగులు పక్కపొంటి మల్ల తెరుసుకుంది. నలుగురు ప్యాసింజర్లు ఉన్నరు అప్పుడు బండిల. గాలి మెల్లగ దిగింది గాబట్టి బతికినం.

అంతే, పాత ఇనుప డిస్కులు మల్ల ఎక్కిచ్చిన. ఆ తర్వాత గూడ గుంతలల్ల పడ్డది బండి. ఇనుము వంగుతది, సుత్తితోని కొడితె సీదా అయితది, గాలి ఆగుతది. రోజుకు మూడు నాలుగొందల కిలోమీటర్లు తిరిగెటోనికి గది గావాలె.

ఉక్కునగరం (విశాఖపట్నం) | ఆదివారం ఉదయం 11:20

డ్రైవర్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. లోహం పని తెలిసినవాడిగా దాని వెనక కారణం చెప్పాలనిపించింది. కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

ఇనుప డిస్కు అంటే ఉక్కు రేకుని ఒత్తి, చుట్టి, వెల్డ్ చేసింది. ఆ రకం ఉక్కు తెగేముందు బాగా సాగుతుంది, అందుకే దెబ్బ తగిలితే వంగి ఊరుకుంటుంది. అల్లాయ్ వీల్ అంటే ఎక్కువగా అల్యూమినియంలో 7 శాతం దాకా సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి పోసిన పోత. సిలికాన్ ఉంటే కరిగిన లోహం అచ్చులో మూలమూలకీ పారుతుంది, అందుకే అన్ని డిజైన్లు వస్తాయి. కానీ పోత లోహానికి సాగే గుణం తక్కువ. ఒక హద్దు దాటితే వంగడం ఉండదు, పగులుతుంది.

ఆ పోతకి బలం ఎక్కడి నుంచి వస్తుందంటే వేడి చికిత్స నుంచి. చక్రాన్ని 540 డిగ్రీల దాకా కొన్ని గంటలు కాచి, నీళ్లలో ముంచి, మళ్లీ 150, 160 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. అప్పుడు లోపల కంటికి కనపడని రేణువులు ఏర్పడి గట్టిపడుతుంది. ఇప్పుడు ఎవరో గ్యాస్ మంట పెట్టి వంకర సరిచేస్తే, లేదా వెల్డింగ్ పెడితే, అంతమేరా ఆ చికిత్స పోయినట్టే. పైన పెయింటు వేస్తే కొత్తదానిలా ఉంటుంది, లోపల మెత్తబడిన లోహం. వెల్డు పక్కనే మళ్లీ పగలడానికి కారణం ఇదే. అంచు మీద గీతలు పడితే పాలిష్ చేయించుకోండి, తప్పులేదు. పగులు ఉంటే, ముఖ్యంగా కాడల (చువ్వల) మీదో బోల్టు బెజ్జాల దగ్గరో ఉంటే, ఆ చక్రాన్ని పక్కన పడేయాల్సిందే. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

అల్లాయ్‌లు అన్నీ ఒకటి కావు. మామూలు పోత ఒకటి. పోత పోసిన తర్వాత చక్రాన్ని తిప్పుతూ రోలర్లతో అంచుభాగాన్ని ఒత్తి సాగదీసేది ఫ్లో ఫార్మింగ్, పల్చగా ఉండి గట్టిగా ఉంటుంది. వేల టన్నుల ప్రెస్సు కింద దిమ్మని ఒత్తి చేసేది ఫోర్జ్‌డ్, అన్నిటికంటే గట్టిది, ఖరీదూ అంతే.

కొనేటప్పుడు లోపలి వైపు గుర్తులు వెతకండి. మన దేశంలో ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 16192 అనే అంకె. జపాన్ ప్రమాణమైతే జేడబ్ల్యూఎల్, వీఐఏ అని పోత అక్షరాలు ఉంటాయి. దాంతోపాటు ఒక్కో చక్రం ఎంత బరువు మోయగలదో కిలోల్లో ఉంటుంది. ఏ గుర్తూ లేని చక్రం ఎంత మెరిసినా నేను కొనను.

మరొక మాట. 'అల్లాయ్ తేలిక' అని అందరూ అంటారు. అదే సైజులో మంచి అల్లాయ్ అయితే తేలికే. 14 ఇనుప డిస్కు తీసి 17 మామూలు పోత చక్రం పెడితే బరువు పెరగడమే ఎక్కువ. కాటా మీద పెట్టి చూడండి.

రింగ్ రోడ్డు (హైదరాబాద్) | ఆదివారం మధ్యాహ్నం 3:02

అందరూ 17 అంటే భయపెట్టేస్తున్నారు, నేను ఒప్పుకోను. నాలుగేళ్లుగా నా ఐ20కి 17 నడుపుతున్నాను. పక్కగోడ పొట్టిదైతే మలుపులో టైరు మెలితిరగదు, స్టీరింగు తిప్పగానే బండి తిరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 158 కిలోమీటర్లు చుట్టూ తిరిగొచ్చినా అలసట ఉండదు. మంచి రోడ్ల మీద నడిపేవాడికి అది నిజమైన తేడా, ఒక్క అందం కోసమే కాదు. ఇన్నేళ్లలో ఒక్క డిస్కూ పోలేదు, ఎందుకంటే ప్రతి ఆదివారం గాలి చూసుకుంటాను, గుంత కనపడితే ఆగుతాను.

ఆటోనగర్ అన్న (విజయవాడ) | ఆదివారం సాయంత్రం 5:47

తమ్ముడూ, నీ మాట కాదనను. నీ ఐ20కి కంపెనీయే పై మోడల్లో 195/55 ఆర్16 ఇస్తది, నువ్వు అక్కడి నుంచి ఒక్క మెట్టు ఎక్కావు. ఆ పిల్లోడు 14 నుంచి మూడు మెట్లు ఎక్కాలి. పైగా నీది ఔటర్, అతనిది నల్లమల. వారం వారం గాలి చూసుకునేవాళ్లు నా షాపుకొచ్చే వందమందిలో ఐదుగురు కూడా ఉండరు.

దావా దస్త్రం (కర్నూలు) | ఆదివారం రాత్రి 8:30

బీమా సర్వే పని చేస్తాను. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిని మార్చడం గురించినది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని చెప్పింది. ప్రమాదం జరిగాక టైరు మడ్‌గార్డు బయటికి పొడుచుకొచ్చి ఉంటే, క్లెయిము దగ్గర ప్రశ్నలు తప్పవు. మీ మోడల్ పై వేరియంట్లకి కంపెనీ ఇచ్చే సైజులో ఉండండి. వేయించాక బిల్లుతో బీమా కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టి, అల్లాయ్‌ల విలువ పాలసీలో చేర్పించండి.

పినాకిని (నెల్లూరు) | సోమవారం ఉదయం 7:15

ఇక్కడ చదివేవాళ్లంతా నట్ల గురించి కూడా ఆలోచించాలని నా అనుభవం రాస్తున్నా.

నిరుడు దసరాకి ఒంగోలు నుంచి నేనూ, మా పదేళ్ల బాబూ వస్తున్నాం. కావలి దగ్గర వెనక టైరు పంక్చరైంది. రాత్రి తొమ్మిదిన్నర. స్టెప్నీ మార్చడం నాకు వచ్చు, మా నాన్న పెళ్లికి ముందే నేర్పించారు. త్రికోణం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వీల్ స్పానర్ తగిలించి తిప్పితే కదల్లేదు. స్పానర్ మీద నిలబడ్డా. అయినా కదల్లేదు. నాలుగింట్లో ఒక్కటీ రాలేదు. రెండు వారాల ముందు టైర్లు ముందువి వెనక్కి మార్పించినప్పుడు షాపులో గాలి గన్నుతో టకటకటక బిగించేశారు, అదీ కారణం.

చివరికి ఒక లారీ ఆగింది. డ్రైవరన్న ఇనుప పైపు తెచ్చి స్పానర్‌కి తొడిగి విప్పాడు. మూడు వచ్చాయి, నాలుగోదానికి స్టడ్డే తెగింది. మూడు నట్లతో నలభై స్పీడులో ఇంటికి చేరాం. ఆ అన్న మా వెనకే హెడ్‌లైట్లు వేసుకుంటూ చాలా దూరం వచ్చాడు. పేరు కూడా అడగలేదు నేను.

ఇప్పుడు ఎక్కడ టైరు విప్పించినా గన్నుతో చివరిదాకా బిగించనివ్వను. నట్టు ఎంత బిగిందో కొలిచే టార్క్ రెంచి కొనుక్కుని డిక్కీలో పెట్టుకున్నా.

లెక్కల మాస్టారు (రాజమహేంద్రవరం) | సోమవారం ఉదయం 8:00

అమ్మా, చదువుతుంటే గుండె ఆగినంత పనైంది. లెక్క చూడండి: పాతిక సెంటీమీటర్ల స్పానర్ మీద 60 కిలోల మనిషి నిలబడితే నట్టు మీద పడే తిప్పే బలం దాదాపు 147 న్యూటన్ మీటర్లు. చిన్న కార్లకి మాన్యువల్లో ఉండేది 85 నుంచి 120 మధ్య. అంటే నిలబడినా కదలని నట్టుని ఉండాల్సినదానికంటే ఎంతో ఎక్కువ బిగించారన్నమాట.

ఆటోనగర్ అన్న (విజయవాడ) | సోమవారం మధ్యాహ్నం 2:20

అక్కా, మా వృత్తివాళ్ల తరఫున నేను క్షమాపణ చెప్తున్నా. గన్ను నట్టుని దగ్గరికి తేవడానికే, చివరి బిగింపు చేత్తోనే చేయాలి.

పద్ధతి ఇది. చక్రం గాల్లో ఉండగా నట్లు వేళ్లతో తిప్పాలి. వేళ్లకి రాకపోతే మర వంకర ఎక్కుతోందని అర్థం. తర్వాత స్పానర్‌తో, ఎదురెదురు నట్లు, పక్కపక్కవి కాదు. బండి కిందికి దించి టార్క్ రెంచితో మాన్యువల్లో ఉన్న అంకెకి. 50, 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. కొత్త అల్లాయ్‌కి ఈ రెండోసారి తప్పనిసరి, పెయింటు పొర నలిగి నట్టు కొంచెం వదులైద్ది.

స్టడ్డుకి గ్రీజు రాయకూడదు. గ్రీజు ఉంటే అదే టార్కుకి నట్టు ఎక్కువ లాగేస్తది, స్టడ్డు సాగుతది.

నట్టు కూర్చునే ఆకారం కూడా చూడాలి. మారుతీకి కోను ఆకారం. హోండా కంపెనీ చక్రాలకి గుండ్రటి గుంట, బంతిలాగా. బయట అల్లాయ్‌లకి ఎక్కువగా కోనే. హోండాకి బయట అల్లాయ్ వేసి పాత నట్లే బిగిస్తే గీత వెంబడి మాత్రమే ఆనుద్ది. మర సైజూ అంతే: మారుతీకి 12 × 1.25, హ్యుందాయ్‌కి 12 × 1.5. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు ఎక్కుద్ది కూడా. అక్కడ బలవంతం చేస్తే స్టడ్డు పోయినట్టే.

జెర్సీ గోంగూర (న్యూజెర్సీ) | మంగళవారం ఉదయం 6:10

ఇక్కడ చలికాలంలో చాలామంది చిన్న సైజు ఇనుప డిస్కుల మీద మంచు టైర్లు వేసుకుంటారు. పక్కగోడ ఎత్తు పెరుగుతుంది, గుంతలకి ఉప్పుకి మంచి చక్రాలు పాడవ్వవు. మీ స్విఫ్ట్‌కి లేకపోవచ్చు గానీ, చక్రం లోపల గాలి సెన్సర్లు ఉన్న కార్లవాళ్లు అల్లాయ్ మార్చేటప్పుడు వాటిని కొత్త చక్రంలోకి మార్పించడం మర్చిపోకండి. వాల్వుతో కలిసే ఉంటాయి, టైరు ఊడదీసేటప్పుడు కడ్డీ తగిలితే విరిగిపోతాయి.

కొండవీటి కారు (గుంటూరు) | మంగళవారం రాత్రి 9:55

అందరూ చెప్పింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి కూడా చదివి వినిపించాను. లారీ డ్రైవర్ సంగతి విని ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు.

17 వద్దనుకున్నాం. 185/65 ఆర్15, 88హెచ్. డిస్కు ఐఎస్ఐ గుర్తున్న 15 అల్లాయ్, 4 × 100, నడిమి బెజ్జం 54.1, మా కంపెనీ సైజే. రింగుతో పనే లేదు. వేరే షాపులో మాట్లాడాను. టైర్లు కొనేటప్పుడు ఇంకేం చూడాలి?

ఓరుగల్లు డ్రైవర్ (హనుమకొండ) | మంగళవారం రాత్రి 11:30

మంచి పని చేసినవ్ తమ్మీ.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటయ్ చూడు. 0825 అంటే 2025ల ఎనిమిదో వారం తయారైంది. ఏడాది పాతది అంటగడితె తీసుకోకు, నాలుగు ఒక్కతీరు తారీఖువి అడుగు. అరుగుడు గూడ నేర్చుకో. గాడిల చిన్న గట్టు ఉంటది, 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి దానికి సమానమైతె కానూన్ ప్రకారం గూడ ఖతం. నేనైతె వానకాలం ముంగట 3కి వస్తెనే మారుస్త.

అరుగుడు చూస్తె బండి రోగం తెలుస్తది. నడుమ అరిగితె గాలి ఎక్కువ. రెండంచులు అరిగితె గాలి తక్కువ. ఒక్క దిక్కే అరిగితె ఎలైన్‌మెంట్. అరచెయ్యి అడ్డంగ రాసి చూడు, ఒకవైపు నున్నగ, ఇంకోవైపు రంపం లెక్క తాకితె చక్రాలు వంకర చూస్తున్నయన్నట్టు. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ముందువి ఎనకకు మార్పియ్యి. పంక్చర్ తొక్కు మధ్యలనే అయితె ఏపిచ్చుకో, పక్కగోడల అయితె అస్సలు వద్దు.

లెక్కల మాస్టారు (రాజమహేంద్రవరం) | బుధవారం ఉదయం 6:40

బ్యాలెన్సింగ్ మిషన్ దగ్గర మీరే నిలబడండి. 20 గ్రాముల తేడా ఏం చేస్తుందిలే అనుకుంటారు. మీ కొత్త చక్రం చుట్టుకొలత 1.95 మీటర్లు, 100 వేగంలో సెకనుకి 14 సార్లు తిరుగుతుంది. డిస్కు అంచున 20 గ్రాములు ఎక్కువుంటే ప్రతి చుట్టులో దాదాపు 3 కిలోల బరువుతో లాగినట్టు. సెకనుకి 14 సార్లు. స్టీరింగు వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనకవి అని మొదటి అనుమానం.

కొండవీటి కారు (గుంటూరు) | శనివారం రాత్రి 8:20

ఈరోజు అయిపోయింది. షాపు పక్కన కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూశాం: పాత ఇనుప డిస్కు 6.6 కిలోలు, కొత్త 15 అల్లాయ్ 7.1. ఉక్కునగరం గారు చెప్పినట్టే, ఒక అంగుళానికే అర కిలో పెరిగింది.

హబ్ ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో రుద్దాకే ఎక్కించమన్నాను. కుర్రాడు ముందు విసుక్కున్నాడు, తర్వాత ఎందుకని అడిగి తెలుసుకున్నాడు. నట్లు వేళ్లతో ఎక్కాయి. పాత నట్లే సరిపోయాయి. టార్క్ రెంచి వాళ్ల దగ్గరే ఉంది, కానీ మూలన దుమ్ము పట్టి ఉంది. పాత డిస్కుల్లో నాలుగు అటకెక్కాయి, ఐదోది స్టెప్నీ స్థానంలోనే ఉంది. మాస్టారూ, దానికీ కొత్తవాటికీ ఎత్తులో తేడా 2 మి.మీ. లోపే కదా?

లెక్కల మాస్టారు (రాజమహేంద్రవరం) | శనివారం రాత్రి 8:45

1.9. ఇంటికి చేరడానికి ఏ ఇబ్బందీ లేదు. దాంట్లో గాలి కూడా నెలనెలా చూడండి, అందరూ మరిచేది అదే.

'స్టెప్నీ' మాట ఎక్కడిదో తెలుసా మీకు? బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతంలో లనెల్లీ అనే ఊరు. అక్కడి స్టెప్నీ వీధిలో 1904 ప్రాంతంలో డేవిస్ అనే ఆయన అదనపు చక్రం తయారుచేసి అమ్మాడు. అప్పటి కార్లకి అసలు అదనపు చక్రమే ఉండేది కాదు. వీధి పేరు మన ఊళ్లలో పంక్చర్ షాపుల దాకా వచ్చేసింది.

ఉక్కునగరం (విశాఖపట్నం) | ఆదివారం ఉదయం 10:10

కాటా మీద పెట్టి చూసినందుకు సంతోషం.

కడగడం గురించి. ఘాట్ దిగిరాగానే వేడి చక్రం మీద నీళ్లు కొట్టకండి. బ్రేకుల నుంచి వచ్చే నల్ల పొడిలో ఇనుము ఉంటుంది, అది పూతలోకి దిగితే మరకలు పోవు. కార్ షాంపూ, మెత్తటి బ్రష్ చాలు. ఘాటు యాసిడ్ క్లీనర్లు వద్దు, పైపూతని తినేస్తాయి. పూత పోయినచోట అల్యూమినియం తెల్లగా పొడిపట్టడం మొదలవుతుంది.

మా విశాఖలో బీచ్ పక్కన ఉండేవాళ్లకి ఇంకో బాధ: ఉప్పుగాలికి టైరు కూర్చునే అంచులో ఆ తెల్లపొడి పేరుకుని గాలి సన్నగా లీకవుతుంది. పంక్చర్ ఎంత వెతికినా దొరకదు. టైరు ఊడదీసి అంచు శుభ్రంగా గీకి, బీడ్ సీలర్ (గాలి పోకుండా టైరు అంచుకి పూసే జిగురు) రాసి ఎక్కిస్తే ఆగిపోతుంది. డ్రైవర్ అన్న చెప్పిన పగులుకీ దీనికీ తేడా తెలియక మంచి చక్రాలు పారేసినవాళ్లని చూశాను.

పినాకిని (నెల్లూరు) | ఆదివారం మధ్యాహ్నం 12:30

తమ్ముడూ, రెండోసారి బిగించడం మర్చిపోవద్దు.

కొండవీటి కారు (గుంటూరు) | తర్వాతి శనివారం రాత్రి 9:05

మర్చిపోలేదు అక్కా. 80 కిలోమీటర్లు తిరిగాక చూశాం. పదహారు నట్లలో పద్నాలుగు కదల్లేదు, ముందు ఎడమ చక్రానివి రెండు పావు చుట్టు తిరిగాయి. అక్కడే నిలబడి చూసిన నాన్నగారు ఒక టార్క్ రెంచి కొనిపించారు.

నిన్న శ్రీశైలం వచ్చాం, ఇక్కడి నుంచే రాస్తున్నాను. గుంటూరులో తెల్లవారుజామున చల్లటి టైర్లలో గాలి 33 పీఎస్‌ఐ పెట్టాను, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్నంతే. దోర్నాలలో టీకి ఆగినప్పుడు చూస్తే 37 ఉంది. పక్కనున్నాయన ఘాట్ ఎక్కేముందు గాలి తీసేయమన్నాడు. తీయలేదు.

ఆటోనగర్ అన్న (విజయవాడ) | శనివారం రాత్రి 9:20

తీయకపోవడమే కరెక్టు. వేడి మీద తీస్తే చల్లారాక 29కి పడిపోద్ది. గాలి తక్కువున్న టైరే ఎక్కువ వేడెక్కి పేలుద్ది.

లెక్కల మాస్టారు (రాజమహేంద్రవరం) | శనివారం రాత్రి 9:50

10 డిగ్రీలకి ఒకటిన్నర పీఎస్‌ఐ చొప్పున, 4 పెరిగిందంటే లోపలి గాలి ఇంచుమించు పాతిక డిగ్రీలు వేడెక్కిందన్నమాట. రేపు పొద్దున బండి కదల్చకముందు మళ్లీ కొలిచి చెప్తారా?

కొండవీటి కారు (గుంటూరు) | ఆదివారం ఉదయం 6:15

నాలుగింటిలోనూ 33 మాస్టారూ. స్టెప్నీలో 26 ఉంది, కింద ఊళ్లో నింపిస్తాను. నాన్నగారు వెనక సీట్లో నిద్రపోతూ వచ్చారు.